చివరి పిడికెడు వచ్చేదాకా

మా ఊళ్లో క్రిస్మస్ నాడు అన్నం గుండిగ పొయ్యి ఎక్కాలంటే సంఘంలోని ప్రతి ఇంటి నుంచీ ఒక పిడికెడు బియ్యం రావాలి. నేతగాళ్ల దగ్గర కొన్న తెల్ల దుప్పటి చర్చి ముందర పరిచేవారు. ఒక్కొక్కరూ వచ్చి పిడికిలి విప్పి అందులో పోసేవారు. సన్నబియ్యం, దొడ్డుబియ్యం, నూకలు, అన్నీ ఒకటే కుప్ప. ఎవరి గింజ ఎవరి నోట్లోకి పోతుందో ఎవరికీ తెలియదు. దాన్ని మేము ప్రేమ విందు అనేవాళ్లం. చివరి ఇంటి పిడికెడు పడితేనే మా అవ్వ ఎసరు పెట్టేది.

నా చిన్నప్పుడు ఒక ఏడు వానలు మొండికేశాయి. ఒక ఇంటాయన ఇంట్లో బియ్యం లేక, సిగ్గుతో ముఖం చాటేశాడు. పొద్దు నడినెత్తికొచ్చింది. పిల్లలమంతా ఆకలితో నకనకలాడుతున్నాం. నేను కాళ్లు నేలకేసి కొట్టాను.

"గా ఒక్క ఇల్లు రాకపోతే ఏమైతదే అవ్వా? ఆకలైతుంది!"

"అందరు రాకుంట గది ప్రేమ విందెట్లయితది బిడ్డా? ఒట్టి బువ్వయితది" అంది అవ్వ, నా వంక కూడా చూడకుండా.

బాపు వెళ్లి ఆయన భుజం మీద చెయ్యి వేసి తీసుకొచ్చాడు. ఆయన పిడికిట్లో ఉన్నవి జొన్నలు. తల వంచుకుని దుప్పటి దగ్గర నిలబడిపోయాడు. "దుప్పట్ల వెయ్యన్నా. జొన్నలైతేంది, గవి గూడ దేవుడిచ్చినయే" అంది అవ్వ. ఆ పూట అన్నంలో జొన్నగింజ పంటికింద పడ్డప్పుడల్లా నేను విసుక్కున్నాను.

ఆ పట్టుదల నాకూ అంటుకుందని నర్సు చదువు కోసం స్కాట్లాండ్ పోయేదాకా నాకు తెలియదు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్లయింది. కరీంనగర్‌లో మిషన్ ఆసుపత్రిలో పని చేస్తున్న నన్ను మిషన్ వాళ్లు పైచదువుకు పంపారు. పెట్టెలో బట్టల కన్నా ముందు అవ్వ ఒక తెల్ల దుప్పటి మడిచి పెట్టింది. చలికి కప్పుకోవడానికి అనుకున్నాను. ఆ దేశపు చలికి అది ఏ మూలకు?

అక్కడి నర్సుల హాస్టల్‌లో నాకు తోడు మరాఠీ సరిహద్దు ఊరు భైంసా అమ్మాయి ఒకతె ఉండేది. మరాఠీ మాట ఒకటైనా కలవకుండా ఆమెకు తెలుగు రాదు. వాళ్లింట్లో క్రిస్మస్ లేదు గానీ, పండుగంటే చాలు, ఏ దేవుడిదైనా ఆమెకు సమ్మతమే. ఆ ఏడు సెలవులకు ఇళ్లకు పోలేనివాళ్లం కొద్దిమందిమి మిగిలాం. మేమిద్దరం కాక ఒక నైజీరియా అమ్మాయి, ఇప్పుడు మలేషియా అంటున్న మలయా నుంచి ఒక అమ్మాయి, పండుగ రాత్రి డ్యూటీ పడిన ఒక స్కాట్లాండ్ కొండపల్లె పిల్ల. మా ఊరి పద్ధతిలో ప్రేమ విందు పెడతాను, తలా ఒక పిడికెడు బియ్యం తెండి అని అందరికీ చెప్పాను.

వార్డెన్‌ను కూడా పిలిచాను. ఆమె నిటారుగా నడిచే మనిషి. నడుముకు తాళాల గుత్తి వేలాడుతుండేది. ఆమె అడుగుల చప్పుడు వింటే మా నవ్వులు ఆగిపోయేవి. సాయంత్రం డ్యూటీ గంట దాకా వంటిల్లు వాడుకోండి, ఆ తర్వాత తాళం వేస్తాను అంది. విందుకు మాత్రం రానంది.

"మా ఇంట్లో క్రిస్మస్ ఎన్నడూ చేసుకోలేదు. మాకు కొత్త సంవత్సరమే పండుగ. ఆ తేదీ బైబిల్లో ఎక్కడుందో చూపించు."

క్రిస్మస్ అంటే దొరలు మాకు నేర్పిన పండుగ అనుకుంటూ పెరిగాను. దొరల దేశంలోనే క్రిస్మస్ చేసుకోని క్రైస్తవులా! మా ఊళ్లో చెబితే ఎవరూ నమ్మరు.

పండుగ నాడు వంటింటి బల్ల మీద అవ్వ దుప్పటి పరిచాను. నైజీరియా అమ్మాయి టీ కప్పులో తెచ్చింది. మలయా అమ్మాయి చేతి రుమాలులో మూట కట్టి తెచ్చింది. కొండపల్లె పిల్ల పాయసానికి వాడే గుండ్రటి బియ్యం తెచ్చింది, అవి చూడ్డానికి అచ్చం సగ్గుబియ్యమే. అన్నీ ఒక కుప్పగా పడ్డాయి. ఇన్ని సముద్రాలు దాటి వచ్చిన చేతులు మా అవ్వ దుప్పటి మీద వంగుతుంటే నాకు ఒళ్లు పులకరించింది.

భైంసా అమ్మాయి మాంసం కూర ఎప్పుడో వండేసింది. ఇంటి నుంచి తెచ్చుకున్న కారం వాసన గదంతా నిండింది.

"ఇగ బియ్యం కడుగక్కా" అంది.

"ఇంకొకరున్నరు" అన్నాను.

"ఎవరు?"

పైకప్పు వైపు చూపించాను. వార్డెన్ గది మా నెత్తి మీదే.

"అగ్గబాయీ! ఆమె రానన్నది గదక్కా! రానోళ్ల కోసం కూసుంటే గీ పిల్లలు ఆకలికి పడిపోతరు."

"పడిపోనీ. గీ కప్పు కింద ఉన్నోళ్లందరు రావాలె."

"జర ఆలోచన చెయ్యి. డ్యూటీ గంట కొడితే తాళం పడ్తది. కూర మొకం చూసుకుంట పండాలె మనం."

నాకు వచ్చిన ఇంగ్లీషులో మిగతావాళ్లకు మా పద్ధతి చెప్పాను. తిడతారనుకున్నాను. నైజీరియా అమ్మాయి కుర్చీలోంచి లేచి, మెట్లెక్కి పైకి పోయింది. దిగి వచ్చాక "ఏమంది?" అని అందరం ఒక్కసారే అడిగాం.

"నువ్వు చెప్పిందంతా చెప్పాను. విని తలుపు వేసుకుంది."

కిటికీ బయట పగలు అప్పుడే అయిపోతోంది. మన దగ్గర ఎడ్లు ఇంకా మేస్తుండే వేళకు అక్కడ దీపాలు పెట్టేవారు. కొండపల్లె పిల్ల డ్యూటీ టోపీ చేతిలోకి తీసుకుంది. ఆ పిల్ల కడుపు మాడ్చుకుని వార్డుకు పోతుందని నాకు గుబులు పట్టుకుంది. ఇంటికి పిలిచి పస్తు పెట్టి పంపడం ఏ పండుగ? అవ్వ అయితే ఏం చేసేదో తోచలేదు. ఇక కానిమ్మని దుప్పటి అంచులు ఎత్తబోయాను.

మెట్ల మీద తాళాల గుత్తి చప్పుడైంది.

"అయిపాయె" అంది భైంసా అమ్మాయి.

వార్డెన్ గుమ్మంలో నిలబడింది. ఒక చేతిలో తాళాలు. రెండో చెయ్యి బిగించి ఉంది, వేళ్లు తెల్లబడేంత గట్టిగా.

"నేను పండుగకు రాలేదు" అంది. "ఈ కప్పు కింద ఉన్నవాళ్లందరూ అన్నావట. నేనూ ఈ కప్పు కిందే ఉంటాను." ఆ గొంతు అంత మెత్తగా ఉండగలదని మాకెవ్వరికీ తెలియదు. "నా గదిలో బియ్యం లేవు."

పిడికిలి విప్పింది. అందులో ఉన్నవి ఓట్స్, పొద్దున ఆమె జావ కాచుకునేవి. "ఇవి పనికొస్తాయా?"

జొన్నలు పట్టుకుని తల వంచుకున్న మా ఊరి మనిషి, ఈ తెల్లావిడ, ఇద్దరూ ఒక్కలాగే నిలబడ్డారు. ఇంత పెద్ద లోకం మా చర్చి ముందరి చోటంత అయిపోయి నా కళ్ల ముందుకొచ్చింది. అలాంటి అబ్బురం మళ్లీ నేను ఎరగను. ఇంగ్లీషు ఒక్క ముక్క గుర్తుకు రాక, తెలుగులోనే అన్నాను.

"దుప్పట్ల వెయ్యమ్మా."

ఆమెకు అర్థమైంది. తాళాలు బల్ల మీద పెట్టి, వంగి పోసింది. చెమటకు అరచేతికి అంటుకున్న పలుకులను రెండో చేత్తో ఒక్కటీ మిగల్చకుండా రాల్చింది. అప్పుడు పొయ్యి వెలిగించి ఎసరు పెట్టాను.

కొన్ని గింజలు మెత్తబడి, కొన్ని పలుకుగా మిగిలి, ఓట్స్ అన్నింటినీ అంటించేసి, చివరికి అది మా ఊరి జొన్న గట్కలాగా ముద్దగా తయారైంది. "గిది బువ్వనా అక్కా?" అని భైంసా అమ్మాయి నా చెవిలో గొణిగింది. ముందుగా కొండపల్లె పిల్లకు పెట్టాం. కారానికి కళ్లనీళ్లు కారుతున్నా వార్డెన్ తింటూనే ఉంది. ఇంతలో డ్యూటీ గంట మోగింది. కొండపల్లె పిల్ల టోపీ పెట్టుకుని పరుగెత్తింది. మిగిలినవాళ్లం చేతుల్లో ముద్దలు అట్లాగే పట్టుకుని తాళాల గుత్తి వైపు చూశాం.

వార్డెన్ ఆ గుత్తిని బల్ల చివరికి నెట్టి, తన ఖాళీ కంచం నా ముందుకు జరిపింది.