సమాధానం వైర్లన్నీ పీకించిన మధ్యాహ్నం

“ఈ గుయ్యిమనే రొద పోకపోతే నాకీ పని రాదన్నా. పని రాకపోతే పాపని వదిలి మళ్లీ గూడూరు బస్సెక్కాలి. అది జ్వరంతో కళ్లు తేలేస్తే పక్కన ఎవరుంటారు?”

తానెవరో కూడా చెప్పకుండా ప్రత్యూష గుక్క తిప్పుకోకుండా అనేసింది. సూళ్లూరుపేటలో సౌండు సర్వీసు కొట్టు ముందు కూర్చుని మైకు వైరు చుట్టుకుంటున్న కొట్టు యజమాని సమాధానం తలెత్తి, కుడి చెవి ఆమె వైపు తిప్పాడు.

“ఎవరి పాప, ఏం రొద? ఈ చెవిలో మళ్లీ చెప్పమ్మా.”

లోపల్నుంచి ఆయన భార్య మగ్దలీనమ్మ నవ్వింది. “ఎడమ చెవి ఎప్పుడో స్పీకరు పెట్టెలకి అర్పించినాడులేమ్మా. ఇటుపక్కకొచ్చి మాట్లాడు.”

ప్రత్యూష ఈసారి మొదటినుంచి చెప్పింది. ఎమ్మెస్సీ ఫిజిక్సు చదివి గూడూరు కాలేజీలో పాఠాలు చెప్పేది. పోయినేడు పాపకి జ్వరంలో ఫిట్స్ వచ్చినప్పటినుంచి ఉద్యోగం మానేసింది. భర్త నరేంద్రబాబు తడ దగ్గర ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తాడు, ఇప్పుడు షిఫ్టుకి బయల్దేరేదాకా పాప దగ్గరున్నాడు. చూపులేని పిల్లల కోసం పదో తరగతి పాఠాలు రికార్డు చేయించే నెల్లూరు సంస్థ ఒకటి ఆమెను నమూనా పాఠం పంపమంది. పంపితే, గొంతు బాగుంది, వెనక రొద వస్తోంది, శనివారంలోగా శుభ్రంగా ఇంకోటి పంపకపోతే వేరేవాళ్లకిస్తాం అన్నారు.

“నేను ల్యాప్‌టాప్ ముట్టినోణ్ణి కాదు,” అన్నాడు సమాధానం. “అయినా వస్తాం పద. ఈమె కూడా రావాల. నా చెవి ఈమే గదా.”

ఆ మాట నిజమే. పులికాట్ పక్క పల్లెల్లో చర్చివాళ్ల ఉజ్జీవ సభలకు మైకు సెట్టు కట్టేటప్పుడు మగ్దలీనమ్మ అన్నిటికన్నా వెనక చాప మీద కూర్చుంటుంది. పెట్టెల్లో రొద వినబడితే చెయ్యెత్తుతుంది. అది పోయేదాకా దించదు. కుర్రతనం నుంచీ పెద్ద పెట్టెల పక్కన నిలబడి నిలబడి ఆయనకి సన్నటి చప్పుళ్లు వినబడడం మానేశాయి. ఆ సంగతి దాచుకోడు. పైగా భార్యను ‘మా మీటరు’ అని అందరికీ పరిచయం చేస్తాడు.

ప్రత్యూష ఇంట్లో, పాప నిద్రపోతుండగా ముగ్గురూ బల్ల దగ్గర చేరారు.

“ఏందమ్మా ఇన్ని వైర్లు? పెళ్లి పందిరా?” అన్నాడు సమాధానం.

ప్రత్యూషకి సిగ్గేసింది. ల్యాప్‌టాప్‌కున్నవి రెండు సన్నటి రంధ్రాలు, ఇంకో గుండ్రటిది, అంతే. మైకు తగిలించడానికి మొదట కొన్న అడాప్టరు వినడానికే తప్ప మాట లోపలికి తీసుకోలేదు. తర్వాతది తీసుకుంది గానీ గొంతు బావిలోంచి వచ్చినట్టుంది. అప్పుడు మైకుని ల్యాప్‌టాప్‌కి కలిపే చిన్న ఆడియో పెట్టె కొంది. దాని వైరు చివర వెడల్పు పిన్ను, సన్నటి రంధ్రంలో పట్టదు. అందుకని చాలా రంధ్రాలున్న హబ్ తెచ్చి, ఆ పెట్టెనీ మౌసునీ ఛార్జరునీ దానికే తగిలించింది. ఎండాకాలం కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదని ఛార్జరు మాత్రం ఎన్నడూ తీయదు.

మగ్దలీనమ్మ హెడ్‌ఫోన్లు పెట్టుకుని వెంటనే చెయ్యెత్తింది.

సమాధానం ఫ్యానుని అనుమానించాడు. ఆపారు. చెయ్యి దిగలేదు. “ఎర్తు ఎండిపోయుంటది” అంటూ పెరట్లోకి పోయి, ఎర్తు గుంటలో ఉప్పు కలిపిన నీళ్లు బకెట్టు నిండా పోసి వచ్చాడు.

“రవ్వంత తగ్గిందేమో. పోలా,” అంది భార్య.

ఆయన చతికిలబడ్డాడు. “మన పెట్టెలైతే ఈపాటికి పట్టుండేవాణ్ణి. దీని కడుపులో ఏముందో నాకు తెలవదు. మా సభల్లో చేసినట్టు చేద్దాం. అన్నీ పీకెయ్. ఒకటి పెట్టు, విను. ఇంకోటి పెట్టు, విను.”

“ఛార్జరు కూడానా?”

“అదేమన్నా దేవుడి దీపమా?”

“మధ్యలో కరెంటు పోతే?”

“పీకినాక కరెంటుతో పనేంది? ఛార్జింగు ఎంతసేపుంటది?”

“మూడు గంటలు.”

“పాఠమెంత?”

ప్రత్యూష గొంతు తగ్గించింది. “పావుగంట.”

మగ్దలీనమ్మ నవ్విన నవ్వుకి హెడ్‌ఫోన్లు జారి మెడలో పడ్డాయి. వాటిని తీసి ప్రత్యూష చెవులకి పెట్టింది. “నీ పాఠం, నువ్వే వినుకో.”

ప్రత్యూష ఛార్జరు పీకింది. రొద టక్కున ఆగిపోయింది. పక్క డాబా రేకు మీద కాకి నడిచే చప్పుడు స్పష్టంగా వినబడింది. మళ్లీ పెట్టి చూసింది, రొద వచ్చింది. తీసింది, పోయింది. ఛార్జరు నుంచి వచ్చే గోల హబ్ గుండా మైకు దారిలోకి దూరుతోందన్నమాట. ఉత్సాహంగా బొమ్మ గీసి వివరించబోయింది గానీ, సమాధానం శ్రద్ధగా ఎడమ చెవి అప్పగించాడు.

హబ్‌తో ఇక పనిలేదు. ఆడియో పెట్టెతోపాటు ఊరికే ఇచ్చిన వేలెడంత అడాప్టరు, ఉచితంగా వచ్చిందేం మంచిదిలే అని కవరు కూడా చింపనిది, వెడల్పు పిన్నుకి సరిగ్గా సరిపోయింది. మైకు, పెట్టె, ఆ చిన్న అడాప్టరు, ల్యాప్‌టాప్. బల్ల మీద అంతే మిగిలాయి.

ప్రత్యూష ‘కాంతి వక్రీభవనం’ పాఠం చదవడం మొదలుపెట్టింది. సగంలో లోపల పాప లేచి ఏడ్చింది. ఈ ఇంట్లో ఏ పాఠమూ చివరిదాకా సాగదు, పని వచ్చినా నిలవదు అనిపించి, రికార్డింగు ఆపడానికి చెయ్యి చాపింది.

“ఆపబాకమ్మా,” అన్నాడు సమాధానం. “బోధకుడికి దగ్గొచ్చినా నేను ఆపను. గట్టిగా ఒక చప్పట కొట్టి పో. బిడ్డని చూసుకో. తొందరేం లేదు. వచ్చినాక ఆ వాక్యం మళ్లీ మొదట్నుంచి చదువు. సాయంత్రం చూసుకుంటే చప్పట కొట్టిన చోట, ఈ తెర మీద ఆడతా ఉండే గీత కొండలాగా లేచి కనబడతది. ఆడ కత్తిరించి అతుకు.”

ఆ పాఠం నెల్లూరులో నచ్చింది. మిగతా పాఠాలూ ఆమెకే ఇచ్చారు. ప్రత్యూష ఇప్పటికీ అలాగే చేస్తుంది. పాప పిలిస్తే ఒక చప్పట కొట్టి లేస్తుంది, నుదురు తాకి చూసి, నీళ్లు తాగించి, వచ్చి ఆ వాక్యాన్నే మొదటినుంచి చదువుతుంది.