కిటికీ తెర

మురిక్కాలవ పక్కన ఒంటిగదిలో ముప్ఫై ఏళ్లుగా అద్దెకుంటున్న దర్జీ ఆవిడని అందరూ మిషనక్క అంటారు. ఆ కంపుకి దొంగలు కూడా రారని ఇంటాయన అద్దె పెంచేవాడు కాదు. కంపు రాకుండా కిటికీకి గోనెగుడ్డ తెర కుట్టి, మేకులు కొట్టుకుని, ఆమె అక్కడే కూతురిని పెంచి అత్తారింటికి పంపింది. కాలవ బాగుచేయించమని గడపగడపకీ తిరిగి సంతకాలు పోగేసిందీ ఆమే.

కాలవ బాగుపడింది. ఒడ్డున నడకదారి, బెంచీలు, దీపాలు వచ్చాయి. చీమలు పెట్టిన పుట్ట పాములకిరవు అన్నట్టు, మూడో నెలలో ఇంటాయన వచ్చాడు.

“మిషనక్కా, ఈ వరసలో అద్దెలు మూడింతలయ్యాయి. ఇస్తావా, ఖాళీ చేస్తావా?”

“ఇన్నేళ్లు కంపు పీల్చినందుకు తగ్గింపేమీ లేదా బాబూ?”

ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు, ఏడవనూ లేదు. ఒకటో తారీకుకి ఖాళీ చేస్తానంది.

మర్నాడు ఇంటాయన భార్య పూల గుడ్డ పట్టుకొచ్చింది. “కొత్తగా దిగేవాళ్లు ఈ కిటికీకి తెర అడిగారు వదినా. వెళ్లేలోపు కుట్టిపెట్టు.”

“కంపు పోయిందిగా, ఇంకా తెరెందుకమ్మా?”

“దారిన నడిచేవాళ్లు లోపలికి చూస్తారట.”

మిషనక్క టేపు తీయలేదు. మేకులు పీకి గోనెగుడ్డ దించి, కొలతకని పూల గుడ్డ మీద పరిచింది. కిటికీలోంచి మంచి గాలి వచ్చింది. గుడ్డ ఎగరకుండా మోకాలితో అదిమిపట్టి, అంచు మడతకి ఎప్పటిలాగే రెండు వేళ్లు ఎక్కువ వదిలి కత్తిరించింది.