చెమట పట్టినవాళ్ల పేర్లు

మా పక్కింటి డ్రిల్లు మాస్టారు పోయిన మంగళవారం పొద్దున కాఫీ తాగి, కుర్చీలోనే ఒరిగిపోయారు. మరునాడు పేపర్లో వార్త వచ్చింది. నాలుగు వాక్యాలు. అందులో మూడు, పూలమాలలు వేసినవాళ్ల పేర్లే. మాస్టారిని ‘విశ్రాంత ఉద్యోగి’ అన్నారు. ఏ ఉద్యోగమో రాయలేదు. నలుగురిలో నోరు తెరిచే మనిషిని కాను నేను. చదువూ అంతంతే. కానీ ఆ పేపరు చూసినప్పటి నుంచి అన్నం సయించడం లేదు. అందుకే రాస్తున్నాను.

ఆత్మకూరులో డిగ్రీ చదివే మా మనవరాలు ఆటల విలేకరి అవుతానంటే ఇంట్లో అందరూ నవ్వారు. నేనూ ఊరుకున్నాను. మాస్టారు మాత్రం, “ఇంట్లో కూచుంటే కావు. మనుషులు తెలియాల. పద” అన్నారు.

అప్పటి నుంచి కలిగిరి, కలువాయి, అనంతసాగరం, ఎక్కడ కబడ్డీ పోటీలుంటే అక్కడికి తీసుకుపోయేవారు. తోడుగా నేను. రిటైరైనా ఆయన జేబులో విజిల్ ఉండేది. పోగానే స్టేజీ వైపు చూసేవారు కాదు. నేరుగా రెఫరీ దగ్గరికే.

“ఈ పిల్ల ఆటల విలేకరి అవతాది. నీ నంబరు ఇయ్యి.”

“ఆడపిల్లకి కబడ్డీ వార్తలేంది మాస్టారూ? టీవీలో వానల గురించి చెప్పుకోమను” అన్నాడు కలిగిరి రెఫరీ. ఆయన పాత శిష్యుడే.

“నీ ఆట ఎవరూ రాయకనే కదరా, నిన్ను మీ వీధి కుక్క కూడా గుర్తుపట్టలేదు. ఇయ్యి.”

అతను నవ్వుతూ ఇచ్చాడు.

మా వైపు పోటీల వార్తలన్నీ ఒకే తీరు. రిబ్బన్ కత్తిరించింది ఎవరు, కప్పు ఇచ్చింది ఎవరు, భోజనాలు పెట్టించింది ఎవరు. ఆడింది ఎవరో ఉండదు. మాస్టారికి అది చూస్తే ఒళ్లు మండేది. “చెమట పట్టినోళ్ల పేర్లు ముందు రాయి. శాలువా కప్పుకున్నోళ్లవి తర్వాత చూద్దాం” అనేవారు.

మాస్టారు పోయిన వార్త రాసి పంపింది మా మనవరాలే. మంచి వార్త ఒకటి పంపితే సెలవుల్లో పని నేర్పిస్తానని నెల్లూరులో పేపరు ఆటల పేజీ చూసే ఆయన అంతకుముందే మాటిచ్చాడు. మాస్టారు ఆట నేర్పితే రాష్ట్రం జట్టు దాకా పోయిన ఆడపిల్లల పేర్లన్నీ ఏడుస్తూనే రాసింది. అవన్నీ కొట్టేసి దండలు వేసినవాళ్ల పేర్లు వేశారు. ఆ ఆటల పేజీ ఆయనకే ఫోన్ చేసి అడిగింది. నేను పక్కనే ఉన్నాను.

“పెద్దోళ్ల పేర్లు లేకుంటే ఎట్లమ్మా?”

“చచ్చిపోయింది ఎవరు సార్?”

“ఇట్లా ఎదురు మాట్లాడితే ఈ లైనుకు పనికిరావు. సెలవులకు రావద్దులే.”

ఆ ఫోన్ నేను లాక్కుని అడగాల్సింది. అడగలేదు. మాస్టారు మా పిల్ల కోసం ఎంతమందిని అడిగారు. ఆయన కోసం నేను ఒక్క మాట అడగలేకపోయాను.

మొన్న ఆదివారం కలిగిరి రెఫరీనే మా మనవరాలికి ఫోన్ చేశాడు. “మాస్టారి పిల్లా, పోటీలుండాయి. రావా?” వెళ్లాం. స్టేజీ మీద మాస్టారి ఫోటోకు నాయకులు దండలు వేస్తుంటే కెమెరాలన్నీ అక్కడే మూగాయి. మా మనవరాలు అటు వీపు పెట్టి, సున్నపు గీత పక్కన గొంతుకూర్చుని, మోకాలి మీద నోటుబుక్కు పెట్టుకుంది.

“ఇంటి పేరుతో చెప్పక్కా.”

బరిలో ఆడపిల్లలు ఒక్కొక్కరే చెబుతున్నారు. రెఫరీ విజిల్ నోట్లో పెట్టుకుని, ఊదకుండా, ఆఖరి పేరు రాసేదాకా ఆగాడు.