స్కానింగులో కనబడిన ఉండ

దయ్యాలు, చేతబడి, మందు పెట్టడం... ఇవన్నీ పని లేని నోళ్ళ మాటలని ఇప్పటికీ అంటాను. మందు అంటే తెలియనివాళ్ళకు చెబుతున్నాను: మొగుణ్ణి కొంగుకు కట్టేసుకోవడానికి ఆడది తన వెంట్రుకలు, ఇంకా చెప్పరానివి ఏవేవో కలిపి అన్నంలో పెడుతుందట. తలుచుకుంటేనే నాకు డోకు వస్తుంది. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా అన్న కూతురు రాస్తోంది. రోతగా ఉందని ఏ మాటా తీసెయ్యొద్దన్నాను.

మాది రాయచూరు దగ్గర చిక్కసూగూరు. నా భర్త థర్మల్ కరెంటు ఫ్యాక్టరీలో బూడిద ఎత్తే పనికి పోయేవాడు. ఇంటికొస్తే చెవుల్లో బూడిద, ముక్కులో బూడిద, ఉమ్మితే బూడిద. ఒకసారి నడుం పక్కన నొప్పి అంటే రాయచూరులో స్కానింగ్ తీయించాం. కిడ్నీలో రాయి అనుకున్నాం. రాయి లేదు. డాక్టరు మిషన్‌ను కడుపు మీదికి జరిపి అక్కడే ఆగిపోయాడు. తెర మీద విరిగిన గాజు ముక్కలాంటి తెల్లని వంపు, దాని కింద నల్లటి నీడ, ఎడమ పక్కకు చిన్న తోక.

వెంట్రుకలు మింగే అలవాటుందా అని అడిగాడు. కడుపులో వెంట్రుకలు ఉండ కట్టినా ఇలాగే కనబడుతుందట.

నా భర్త నవ్వాడు. "బూడిద మింగుత సార్, రోజూ. వెంట్రుకలు ఇంక మొదలువెట్టలే."

మా అత్త నవ్వలేదు. ఆస్పత్రి మెట్ల మీదే నా జడ పట్టుకుంది. "నా కొడుక్కు అన్నంల ఏం గలిపి పెట్టినవే?"

మస్కి దగ్గర ఎవడో మందు కక్కిస్తాడంటే మమ్మల్ని తీసుకుపోయింది. వాడు ఏదో ఆకు పసరు తాగించి, గోళ్ళ నిండా మట్టి ఉన్న వేళ్ళు నా భర్త గొంతులోకి దూర్చాడు. ఆయన ఇత్తడి పళ్ళెంలో పచ్చటి నురగ కక్కాడు. వాడు అందులో చెయ్యి పెట్టి కెలికి జిగట ఉండ ఒకటి పైకెత్తాడు. ఆ ఉండ అంతకుముందే వాడి పిడికిట్లో ఉంది, నేను చూశాను. పైగా అందులోవి నెరిసిన వెంట్రుకలు. నాకు అప్పటికి ఒక్కటీ నెరవలేదు. ఆ మాటే అన్నాను.

"కడుపుల నానితే తెల్లగ గావా?" అంది అత్త. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. వాడు చెయ్యి పంచెకు తుడుచుకుని, అదే చేత్తో మాకు విభూతి పెట్టాడు.

మళ్ళీ స్కానింగ్ తీయిస్తే ఉండ అక్కడే ఉంది, తోకతో సహా. అప్పుడు నోట్లోంచి గొట్టం దించి లోపల చూశారు. ఏమీ లేదు, కడుపు తోమిన గిన్నెలా ఉందన్నారు. అదే రోజు మళ్ళీ స్కానింగ్ తీస్తే మళ్ళీ కనబడింది. మిషన్ మార్చి చూశారు. అందులోనూ ఉంది. డాక్టరు చేతులు కడుక్కుంటూ, బాధ లేకపోతే వదిలెయ్యండి అన్నాడు.

అత్త వదల్లేదు. ఆ స్కానింగ్ బొమ్మను ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరికీ చూపించేది. ఆమె వేళ్ళ జిడ్డుకు దాని అంచులు పసుపు పచ్చగా అయ్యాయి. వీధిలో పిల్లలకు కూడా ఆ తోక ఎటు తిరిగి ఉందో తెలుసు. వంట నా చేతుల్లోంచి లాక్కుంది. నేను ముట్టిన నీళ్ళు వాకిట్లో పారబోసేది.

దానికన్నా రోత ఇంకొకటి. ఆమె ఊరికి పోయిన రోజు నేను వండి పెడితే, ఆస్పత్రిలో నవ్విన ఆ మనిషే మెతుకు మెతుకూ విడదీసి చూసుకుని తిన్నాడు.

కొన్నేళ్ళకు ఆయన గుండె ఆగి పోయాడు. నోట్లో బియ్యం పోద్దామని వంగితే అత్త నా చెయ్యి విదిలించింది. "బతికున్నప్పుడు పెట్టింది సాలదా?"

ఇద్దరం ముండమోపులం మిగిలాం. నేను కూలికి పోయి తెస్తాను, ఆమె వండుతుంది. పొయ్యి దగ్గరికి ఇప్పటికీ రానివ్వదు. ఇన్నేళ్ళూ నేను తిన్నది ఆమె చేతి కూడే.

ఈ మధ్య నాకు కుడి డొక్కలో నొప్పి మొదలైంది. మా అన్న కూతురు స్కానింగ్‌కు తీసుకుపోయింది. పిత్తంలో రాళ్ళున్నాయంది డాక్టరమ్మ. చల్లటి జిగురు మీద మిషన్ జరుపుతూ జరుపుతూ ఆగింది.

"వెంట్రుకలు మింగే అలవాటుందా అమ్మా?"

తల తిప్పి చూశాను. తెల్లని వంపు. కింద నల్లటి నీడ. ఎడమ పక్కకు తోక. మా అన్న కూతురు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. చిన్నప్పటి నుంచి ఆ బొమ్మ చూసిన పిల్ల అది.

ఇంటికొచ్చేసరికి అత్త జొన్నరొట్టె చేసి కూర్చుంది.

"ఏమన్నరే డాక్టర్లు?"

"రాళ్ళంట."

ఇంకేమీ చెప్పలేదు. మందు పెట్టిందన్న మాట మనిషి మీద పడితే ఎట్లా ఉంటుందో మోసినదాన్ని నేను. ఆమె మీద వెయ్యను. మందు లేదు, ఎవరూ ఏమీ పెట్టలేదు, ఇప్పటికీ అదే అంటాను. మరి గొట్టానికి దొరకనిది మిషన్‌కు ఎట్లా కనబడింది? ఆయన కడుపులో చూసింది నా కడుపులో ఎట్లా ఉంది? నాకు తెలియదు. చెప్పగలిగినవాళ్ళు ఇంతవరకు దొరకలేదు.

"సల్లారుతది, తిను" అని అత్త పళ్ళెం ముందుకు జరిపింది.

రొట్టె తుంచాను. ఆమె చూస్తుండగానే ఆ ముక్కను వెలుతురుకు పట్టి, రెండుగా విడదీసి చూశాను.