నాలుగో మనిషి వాయింపు

ఐలీన్ గెడ్డీస్ ముప్పై ఏళ్లకు పైగా స్కూలు బస్సు నడిపింది. సౌత్‌లాండ్ గొర్రెల పొలాల మధ్య కంకర దారుల్లో, చేతులు కొంకర్లు పోయే చలి ఉదయాల్లో, వెనక పిల్లలు టోపీలు విసురుకుంటూ గోల చేస్తుంటే అద్దంలోంచి ఒక్క చూపు చూసేది. అంతే, బస్సంతా గప్‌చుప్. అలాంటి మనిషికి భర్త రస్ పోయాక ఇంట్లో నిశ్శబ్దం భరించడం కష్టమైపోయింది. రిటైరయ్యాక ఇద్దరూ కలిసి తిరుగుదామని కొనుక్కున్న క్యాంపర్ వ్యాను పెరట్లో ఊరికే నానుతోంది. ఇల్లు అద్దెకిచ్చేసి, ఆ వ్యానులోనే కాపురం పెట్టింది.

"ఎన్నాళ్లు తిరుగుతావిలా?" అని ఆడపడుచు ఫోనులో సాధించేది.

"విసుగొచ్చేదాకా," అనేది ఐలీన్. తిరగడం మొదటి నెలలోనే విసుగొచ్చిందన్న సంగతి మాత్రం చెప్పలేదు.

ఆ ఏడాది ఏప్రిల్లో, ఆ దక్షిణ దేశంలో చలి మొదలయ్యే వేళ, ఆమె అపరిమా నది సముద్రంలో కలిసే చోట, క్యాంపు మైదానంలో వ్యాను ఆపుకుంది. వేసవి జనం అప్పటికే ఉత్తరానికి వెళ్లిపోయారు. గాలి నేరుగా దక్షిణం నుంచి, మధ్యలో అడ్డన్నది లేకుండా వచ్చి తగిలేది. మైదానం ఆ చివర ఒక పచ్చరంగు పాత బస్సు ఉండేది. అందులో ఒక ముసలాయన ఒంటరిగా ఉండేవాడు. కుళాయి దగ్గర ఎదురుపడితే తలాడించేవాడు. ఈమె కూడా తలాడించేది. వాళ్ల పరిచయం అక్కడితో సరి.

రస్ మాంసం ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. శనివారం వస్తే కింది స్వరాలు పలికే బేస్ గిటారు భుజాన వేసుకుని బయల్దేరేవాడు. నలుగురి బృందం వాళ్లది. ఒకడు అకార్డియన్, ఒకడు గిటారు, ఒకడు డ్రమ్ములు, నాలుగోవాడు రస్. చుట్టుపక్కల ఊళ్ల హాళ్లలో పెళ్లిళ్లకి, వీడ్కోలు విందులకి, గొర్రెల బొచ్చు కత్తిరింపులు అయిపోయాక జరిగే డాన్సులకి వాయించేవాళ్లు. ఐలీన్ కూడా వెళ్లేది కానీ, ఎప్పుడూ హాలు వెనక వంటగదిలోనే ఉండేది. బ్రెడ్డు ముక్కల్లో చీజు చుట్టి కాల్చడం, పెద్ద కెటిల్లో టీ కాచడం ఆమె పని. పాట గోడ అవతల నడిచేది. ఎన్నేళ్లు నడిచినా ఒక్క రోజూ కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చుని వినలేదు. ఎప్పుడో వినొచ్చులే అనుకుంది.

అంత్యక్రియలయ్యాక డ్రమ్ములు వాయించే బ్రెంటన్, ఒక పాత క్యాసెట్టులో ఉన్న డాన్సు రాత్రి పాటలన్నీ మెమరీ స్టిక్కులోకి ఎక్కించి పంపించాడు. చాలా వారాలు దాన్ని ముట్టుకోలేకపోయింది. అపరిమా దగ్గర ఒక వాన మధ్యాహ్నం, ధైర్యం చేసి వ్యాను రేడియోకి తగిలించింది.

అకార్డియన్ వినిపించింది. గిటారు వినిపించింది. డ్రమ్ములు, హాల్లో ఎవరిదో పెద్ద నవ్వు, కుర్చీ పడిపోయిన చప్పుడు కూడా వినిపించాయి. రస్ మాత్రం లేడు.

మళ్లీ మొదటికి తిప్పింది. శబ్దం పెంచింది. స్పీకరుకి చెవి ఆనించింది. లేడు. వెంటనే బ్రెంటన్‌కి ఫోను చేసింది.

"రస్‌ని ఎక్కడ పోగొట్టావ్?" అంది, పలకరింపు కూడా లేకుండా.

"నేనెక్కడ పోగొట్టాను ఐలీన్! నీ వ్యాను తలుపుల్లో ఉన్నవి సాసరంత స్పీకర్లు. కింది స్వరాలు వాటికి పలకవు. వాడు అక్కడే ఉన్నాడు, నీకు వినపడటం లేదంతే."

నీకు వినపడటం లేదంతే. ఆ మాట ఆమె మనసులో ముల్లులా ఉండిపోయింది. వంటగది గోడ అవతల కూడా అతను అన్నేళ్లూ అక్కడే ఉన్నాడు కదా.

ఆ వారమే ఇన్వర్‌కార్గిల్ టౌనుకి వెళ్లి, కింది స్వరాలు పలికించే సబ్‌వూఫర్ స్పీకరు ఒకటి తెచ్చుకుంది. పాతదే. సీటు కింద పట్టేంత పల్చటి పెట్టె, యాంప్లిఫయర్ దాని లోపలే ఉంది. బస్సు టైర్లు మార్చిన చేతులకి రెండు వైర్లు తగిలించడం ఒక లెక్కా అనుకుంది. మంచం పక్కన చదువుకునే లైటు ఉంది. దాని వైరు అల్మరా వెనక నుంచి వస్తుంది. దాన్ని అక్కడే కోసి, పెట్టె తీగలు మెలిపెట్టి టేపు చుట్టింది. పెట్టె మీద చిన్న దీపం వెలిగింది. శబ్దం పెంచగానే ఫ్యూజు కాలిపోయింది. ఇంకోటి వేస్తే అదీ పోయింది. పనిముట్ల డబ్బాలో వెతికితే, ఇంకా పెద్ద ఫ్యూజు ఒకటి దొరికింది. వేసింది. ఈసారి పోలేదు.

అకార్డియన్ మొదలైంది. కింద సీటు సన్నగా అదిరింది. ఐలీన్ ముందుకి వంగింది. అంతలోనే ప్లాస్టిక్ కాలిన కంపు కొట్టింది.

"ఏయ్! పొగ! వ్యాన్లోంచి పొగ!" బయట నుంచి ఎవరో అరిచారు. "మెయిన్ తీసెయ్! గ్యాసు కట్టెయ్!"

ఆమె చెయ్యి అప్పటికే మెయిన్ స్విచ్ మీద ఉంది. స్కూలు బస్సు నడిపిన వాళ్లకి మొదట నేర్పేది అదే. గ్యాసు కూడా కట్టేసి, తలుపు బార్లా తీసింది. పచ్చబస్సు ముసలాయన నీళ్ల బకెట్టు కింద పెట్టేసి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అల్మరా పలక ఊడదీసి చూస్తే, వైరు తొడుగు మైనంలా కరిగి చెక్కకి అంటుకుపోయి ఉంది. చెక్క నల్లబడింది. మంట ఇంకా లేవలేదంతే.

"ఎవడు చేశాడీ పని?"

"నేనే."

"ఎవరి మీద కోపంతో?"

ముసలాయన వంగి ఫ్యూజు చూశాడు.

"ఇదెక్కడిది?"

"చిన్నవి రెండు పోయాయి. అందుకని పెద్దది పెట్టాను."

"అవి పోయింది నిన్ను బతికించడానికి అమ్మాయ్! ఫ్యూజు ఉండేది వైరు కోసం. వైరు మోయలేనంత కరెంటు వస్తే, ముందు తను చచ్చి వైరుని కాపాడుతుంది. నువ్వేమో దాని నోరు నొక్కేశావు. అసలే లైటు కోసం వేసిన సన్న వైరిది, దారం పెట్టి ఎద్దుని కట్టేసినట్టుంది నీ యవ్వారం." అతను నడుం నిలబెట్టుకుని పెట్టె వైపు చూశాడు. "అయినా ఈ వయసులో ఊరంతా అదరగొట్టాలని ఏం సరదా?"

"పాటలు వినాలి," అంది. అంతకంటే చెప్పబుద్ధి కాలేదు.

అరవై నాలుగేళ్ల తనని 'అమ్మాయ్' అన్నాడని మాత్రం అతను వెళ్లాక కాస్త నవ్వొచ్చింది.

మర్నాడు చీజు రోల్స్ కాల్చి, ప్లేటులో పెట్టుకుని పచ్చబస్సు దగ్గరికి వెళ్లింది. అతని పేరు టిపెనె బ్రాగ్. బ్లఫ్ రేవులో చేపల పడవలకి కరెంటు పని చేసేవాడు. భార్య పోయింది, కూతురు డనీడిన్లో ఉంది.

"నా వైరు పని నువ్వు చేసిపెట్టాలి," అంది ఐలీన్.

టిపెనె టీ కప్పు ఎత్తి చూపించాడు. కప్పు వణుకుతోంది. టీ అంచు దాటి వేళ్ల మీద పడుతోంది.

"చూశావుగా. స్క్రూడ్రైవరు పట్టుకుంటే ఊరంతా చుట్టొస్తుంది గానీ స్క్రూ మీద నిలవదు. డాక్టరు దీనికేదో పెద్ద పేరే చెప్పాడు."

"చేతులు నావి పెట్టుకో. నోరు నీది."

"నా నోరు చాలామందికి పడలేదు."

"ముప్పై ఏళ్లు స్కూలు పిల్లల్తో వేగాను. నీ నోరెంత!"

టిపెనె ఒక చీజు రోలు తీసుకుని కొరికాడు. "వెన్న తక్కువైంది," అన్నాడు. ఒప్పుకున్నట్టే.

పని మొదలుపెట్టారు. వ్యాను బయట మడతకుర్చీలో ఒళ్లంతా దుప్పటి కప్పుకుని అతను కూర్చుంటే, లోపల మోకాళ్ల మీద ఆమె. ముందు బ్యాటరీ నెగటివ్ విప్పించాడు. కాలిన వైరు మొత్తం లాగించేశాడు. "అతుకులొద్దు. పెట్టెకి సొంత దారి ఉండాలి," అన్నాడు. ఇంజను బ్యాటరీ జోలికి పోవద్దనీ, లైట్లకీ ఫ్రిజ్జుకీ ఉన్న రెండో బ్యాటరీ నుంచే వైరు లాగాలనీ చెప్పాడు. లేకపోతే పాటలు విన్న మర్నాడు బండి స్టార్టవదు. ఈసారి తెచ్చిన వైరు మందంగా, ఆమె చిటికెన వేలంత ఉంది. వెనక్కి వచ్చే నెగటివ్ వైరుకి కూడా అంతే మందం కావాలన్నాడు.

"బండి ఒంటికే తగిలిస్తే పోదా?" అంది ఐలీన్.

"నీ బండి ఒళ్లంతా తుప్పే కదా. తుప్పుని నమ్ముకుంటావా? బ్యాటరీ దాకా తీసుకుపో."

ఫ్యూజుని సబ్‌వూఫర్ దగ్గర పెట్టబోతే గట్టిగా కసిరాడు. "అక్కడ కాదు! బ్యాటరీ పక్కన, జానెడు దూరంలో!"

"ఎక్కడుంటేనేం, ఫ్యూజు ఫ్యూజే కదా?"

"మా రేవులో ఒక పడవ నా కళ్లముందే కాలిపోయింది. దానికీ ఫ్యూజుంది. ఆ చివర, మోటారు దగ్గర. తీగేమో ఈ చివర ఇనప అంచుకి రాసుకుని రాసుకుని తొడుగు చిరిగింది. ఫ్యూజుకి ఆ సంగతే తెలీదు. బ్యాటరీలో ఉన్న బలమంతా ఆ చిరుగులోంచే బయటికొచ్చింది."

"మనుషులో?"

"ఇద్దరు ఈదుకుంటూ వచ్చారు," అన్నాడు. ఎంతమంది ఎక్కారో చెప్పలేదు. ఆమె అడగలేదు.

ఆ తర్వాత అతను ఏం చెప్పినా ఎదురు చెప్పలేదు. ఇనప పలకలో రంధ్రం వేసిన చోటల్లా రబ్బరు రింగు తొడిగి, అందులోంచి వైరు పోనిచ్చింది. ఊగకుండా అడుగడుక్కీ క్లిప్పులు బిగించింది. గ్యాసు గొట్టానికి దూరంగా, అవతలి పక్క నుంచి తిప్పింది. పెట్టెని నేలకి బోల్టులతో బిగించబోతూ డ్రిల్లు ఎత్తితే, బయట నుంచి కేక వినిపించింది.

"కింద చూశావా?"

చూడలేదు. తడి గడ్డిలో వెల్లకిలా పడుకుని వ్యాను కిందకి దూరింది. తను గుర్తు పెట్టుకున్న చోటికి సరిగ్గా కింద డీజిలు గొట్టం పోతోంది. కాసేపు అలాగే పడుకుని ఆ గొట్టాన్నే చూసింది. పైకి వచ్చి గుర్తు మార్చింది.

"బోల్టులు లేకపోతే ఏమవుతుంది?" వీపు తుడుచుకుంటూ అడిగింది.

"నువ్వు ఎప్పుడో ఒకప్పుడు గట్టిగా బ్రేకు కొడతావు. పెట్టె మాత్రం ఆగదు. నీ వెనకే వస్తుంది."

ఆఖరి బోల్టు బిగిస్తుంటే అతను అడిగాడు. "ఇంతకీ ఎవరి పాటలు?"

ఐలీన్ తల ఎత్తకుండానే చెప్పింది. రస్ సంగతి, నలుగురిలో ముగ్గురే వినపడటం, వంటగది సంగతి కూడా. చెప్పడం అయిపోయాక స్పానరు ఇంకా తిప్పుతూనే ఉంది, బోల్టు ఎప్పుడో బిగిసిపోయినా.

"ముందే చెప్పాల్సింది," అన్నాడు టిపెనె.

"చెబితే జాలిపడతావని."

"జాలిపడే రకాన్ని కాదు. ఇంకో నాలుగు తిట్టేవాణ్ణి. ఆయన్ని వినకుండానే ఆయన దగ్గరికి పోయేదానివి."

నెగటివ్ తగిలించి, మెయిన్ వేసింది. దీపం వెలిగింది. పాట పెట్టక ముందే పెట్టె ఝుమ్మని తుమ్మెదలా మోగింది. పాట మోసే సన్నవైరు కరెంటు వైరు పక్కనే పోతోందని టిపెనె పసిగట్టాడు. దాన్ని ఇవతలి గోడ వెంట తిప్పేసరికి మోత ఆగింది.

అప్పుడు పాట పెట్టింది.

ముందు ఎప్పట్లాగే అకార్డియన్. దాని వెంటనే, నేలలోంచి, సీటులోంచి, తను కూర్చున్న చోటు కింద నుంచి రస్ వచ్చాడు. దుమ్... దుమ్. దుమ్... దుమ్. విన్యాసం లేదు, మెరుపు లేదు. వాల్ట్జు డాన్సు వస్తే మూడు దెబ్బలకి ఒకటి, గెంతులాట వస్తే రెండింటికి ఒకటి. ఏదో ఒక పాటలో అతనికంటూ కాస్త చోటు ఇస్తారేమో, అప్పుడు తనేమిటో చూపిస్తాడేమోనని చూసింది. ఆ క్యాసెట్టు రెండు వైపుల పాటలూ అయిపోయాయి. ఒక్కసారీ ఇవ్వలేదు. అతను అడిగినట్టూ లేదు.

ఆమెకి మొదట నిరాశగా అనిపించింది. ఇంతేనా, దీనికోసమా ఇన్ని శనివారాలు అనుకుంది. టిపెనె గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అతని చెయ్యి తలుపు రేకు మీద ఉంది. అదురు తెలుస్తున్నట్టుంది.

"మంచి పనివాడు," అన్నాడు.

"ఏమంత వాయించాడని?"

"ఆ అకార్డియన్ వాడు చూడు, తాగి ఉన్నాడు. రెండో పాట నుంచి పరుగెడుతున్నాడు. డ్రమ్ములవాడు వాడి వెంటపడ్డాడు. మీ ఆయన మాత్రం కదల్లేదు. కాసేపటికి వాళ్లే సిగ్గుపడి వెనక్కొచ్చారు. విను మళ్లీ."

మళ్లీ విన్నది. నిజమే.

మొదటి మంచు పడ్డ వారంలో టిపెనె కూతురు వచ్చింది. డనీడిన్లో ఆస్పత్రికి దగ్గరగా ఉండాలని తండ్రిని తీసుకెళ్లింది. వెళ్లేముందు అతను వ్యాను దగ్గరికి వచ్చి, ఫ్యూజు మూత తీసి చూసుకున్నాడు. "చలికాలం బ్యాటరీ తొందరగా పడిపోద్ది. ఎక్కువసేపు పెట్టుకోకు," అన్నాడు. చెయ్యి కలిపితే అతని వణుకు ఆమె మోచేతి దాకా పాకింది. తర్వాత ఎవరో వచ్చి పచ్చబస్సు తోలుకుపోయారు. అది నిలబడ్డ చోట గడ్డి పచ్చగా లేదు, పాలిపోయి ఉంది.

మైదానంలో ఐలీన్ ఒక్కతే మిగిలింది. ఆ రోజుల్లో ఆమె ఒక పని చేసింది. తలుపుల్లోని స్పీకర్లు రెండూ కట్టేసి, సబ్‌వూఫర్ ఒక్కటే ఉంచింది. అకార్డియన్ పోయింది, గిటారు పోయింది, జనం నవ్వు పోయింది. రస్ ఒక్కడే మిగిలాడు. అతను గ్యారేజీలో సాధన చేసుకుంటున్నట్టు, తను లోపల ఏదో పనిలో ఉన్నట్టు అనిపించింది. సాయంత్రం టీ తాగుతూ నేల మీద కూర్చుని, పెట్టెకి వీపు ఆనించి వినేది. చాలా సాయంత్రాలు అలాగే గడిపింది. ఫోను మోగినా తీసేది కాదు.

కానీ వినగా వినగా, ఏది ఏ పాటో తెలియడం మానేసింది. అన్నీ ఒకటే దుమ్ దుమ్ అయిపోయాయి. ఎవరో మూసిన తలుపు తడుతున్నట్టు ఉండేది, అంతే. ఒక సాయంత్రం లేచి తలుపుల్లోని స్పీకర్లు మళ్లీ తెరిచింది. తాగిన అకార్డియన్ పరుగెత్తుకుంటూ వచ్చింది, దాని వెనక డ్రమ్ములు. అడుగున రస్ తన చోట తను ఉన్నాడు, మిగతా ముగ్గురూ ఉంటేనే అతను రస్‌లా వినపడ్డాడు. ఐలీన్ ఆ ఒక్క పాట చివరిదాకా విని, రేడియో కట్టేసి, తువ్వాలు భుజాన వేసుకుని, టార్చి పట్టుకుని మైదానం ఆ చివర స్నానాల గది వైపు గాలికి ఎదురు నడిచింది.