పాడేరు ఘాట్ రోడ్డు మొత్తం దిగుడే

ఆ రోజుల్లో సికింద్రాబాదులో పెరిగిన మాబోటి కోస్తావాళ్ళ పిల్లలకి రెండేసి ఊళ్ళుండేవి. ఒకటి ఉంటున్న ఊరు, రెండోది చెప్పుకునే ఊరు. నేను పుట్టింది బోయిగూడ, పెరిగింది బోయిగూడ, అద్దె సైకిలు మీద నుంచి పడి మోకాళ్ళు పగలగొట్టుకున్నదీ బోయిగూడ సందుల్లోనే. అయినా ఎవరైనా "మీదే ఊరండీ" అంటే చాలు, గొంతు సవరించుకుని "మాది విశాఖ జిల్లా, మాడుగుల దగ్గర" అనేవాణ్ణి. ఎవరో పార్శిల్లో పంపితే మాడుగుల హల్వా తిన్నానేగానీ, ఆ మాడుగుల ఏ దిక్కున ఉందో చూపించమంటే రైల్వే స్టేషను వైపు చెయ్యి చూపించేవాణ్ణి (ఎక్కడికి పోవాలన్నా ముందు అక్కడికే కదా పోవాలి). ఆ గొప్పే నా కొంప ముంచింది. మొన్న మా అల్లుడు, కాప్రా చెరువు చుట్టూ ఆదివారాలు సైకిళ్ళు తొక్కే బృందంలో అతనొకడు, ఇంటికొచ్చి "మామయ్యగారూ, సముద్రం వైపు కొండల్లో సైకిలు మీద వెళ్ళడానికి మంచి దారేదైనా చెప్పండి, మీకు బాగా తెలుసటగా" అన్నాడు. తాగుతున్న కాఫీ నాకు పొలమారింది. జీవితంలో నన్ను ఆ ప్రశ్న అడిగిన రెండో మనిషి అతను. మొదటి మనిషి అడిగాక ఏమైందో చెబుతాను, వినండి.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. ఒక సర్కారీ ఆఫీసులో గుమాస్తాని. గుమాస్తానంటే ప్రొబేషన్‌లో ఉన్న గుమాస్తాని. అందరికీ రెండేళ్ళలో తీరే ఆ గండం నాకు మూడో ఏడు నడుస్తోంది. కారణం ఏమిటంటే, ఒక పెద్దమనిషి రిటైరవుతుంటే సన్మానపత్రం రాయమన్నారు. పాత ఫైల్లోంచి ఒక మంచి పత్రం తీసుకుని పేరొక్కటి మార్చి, సభలో నేనే చదివాను. "వారి ఆత్మకు శాంతి కలుగుగాక" దాకా వచ్చాక గానీ అది సంతాప తీర్మానమని నాకు తెలియలేదు. ఆయన మెళ్ళో దండతో కూర్చుని మొత్తం విన్నారు పాపం. మా సూపరింటెండెంటు, ఆఫీసంతా ఆయన్ని పెద్దసారు అనేవాళ్ళం, నన్ను గదిలోకి పిలిచి, "ఇంకో ఏడాది పొడిగిస్తున్నానయ్యా. ఈసారి తప్పు దొరికితే ఇంటికి పొమ్మని రాయక తప్పదు" అన్నారు. ఆ ఏడే మా నాన్న రైల్వే గూడ్సు ఆఫీసులో రిటైరయ్యాడు. ఇంట్లో జీతమంటూ వస్తే అది నాదే. అంతకు ముందు మూడు ఉద్యోగాల్లోంచి నన్ను సాగనంపారు. నాలుగోది కూడా పోతే ఏ మొహంతో ఇంటికి వెళ్ళాలో తెలియదు.

పెద్దసారు గుంటూరు వైపు క్రైస్తవులు. మారేడ్‌పల్లి నుంచి ఆఫీసుకి సైకిలు మీదే వచ్చేవారు, ఎండైనా వానైనా. రిటైరయ్యేలోగా ఒక్కసారైనా కొండల మధ్య, లోయల పక్కన సైకిలు తొక్కాలని ఆయన కోరిక. ఒకరోజు నన్ను పిలిచి "నువ్వు మాడుగుల వాడివి కదయ్యా, మీ కొండల్లో సైకిలుకి అనువైన దారి ఉందా" అన్నారు. లేదని గానీ, తెలియదని గానీ అంటే పోయేది. "బ్రహ్మాండమైన దారి ఉంది సార్, పాడేరు ఘాట్ రోడ్డు" అన్నాను. "అయితే నోటు పుటప్ చెయ్యి" అన్నారు, అంటే రాసి ఫైల్లో పెట్టి పైకి పంపమని.

పాడేరు సంగతి నాకు మా నాన్న ద్వారా తెలుసు. రైల్వేలో చేరక ముందు ఆయన మాడుగులలో ఒక పసుపు, చింతపండు వ్యాపారి దగ్గర గుమాస్తాగా ఉండేవాడు. వారం వారం పాడేరు సంతకి వెళ్ళేవాడు. సాయంత్రం బోయిగూడ ఇంటి ముందు మంచం వాల్చుకుని ఆ రోడ్డు గురించి చెప్పడం మొదలుపెడితే మా అమ్మ లోపలికి వెళ్ళిపోయేది (ఆవిడకి మలుపులతో సహా కంఠతా వచ్చు). నోటు కోసం ఆ సాయంత్రం నేనే అడిగాను, "నాన్నా, ఘాట్ రోడ్డు మీద సైకిలు కష్టమా" అని. "కష్టమేట్రా. ఊరికే కూకుంటే సాలు, అదే ఎల్లిపోద్ది. పెడలు తొక్కితే ఒట్టు" అన్నాడు. మర్నాడు నేను రాసిన నోటు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. రోడ్డు: బాగు. దృశ్యాలు: రమణీయం. వాలు: మొదటినుంచి చివరిదాకా దిగుడే. శ్రమ: లేదు.

ఆ నోటు అకౌంటెంటు దగ్గరికి వెళ్ళింది. ఆయన ముక్కుపొడుం పీల్చి, మార్జిన్‌లో "పాడేరు కొండ మీద ఉన్నట్టు వినికిడి. దిగుడు ఎట్లు సాధ్యమో సరిచూడవలెను" అని రాసి తిప్పి పంపాడు. నిజానికి దేవుడు నాకిచ్చిన అవకాశం అది. గోడ మీద రాష్ట్రం మ్యాపు ఉంది, విశాఖ వైపు వాళ్ళు పక్క సెక్షన్‌లో ఇద్దరున్నారు. కానీ మా ఆఫీసులో అలాంటి రాతకి జవాబు ఒకటే, తరతరాలుగా వస్తున్నది. నేను కలం తీసి దాని కిందే "సరిచూడడమైనది" అని రాశాను. అకౌంటెంటు "సంశయము తీరినది" అని రాశాడు. పెద్దసారు ఆకుపచ్చ సిరాతో "చూశాను, ఆమోదించాను" అని సంతకం పెట్టారు. అంతటితో పాడేరు ఘాట్ రోడ్డు అధికారికంగా కిందికి వాలిపోయింది.

మొత్తం నలుగురం బయల్దేరాం. పెద్దసారు, అకౌంటెంటు, నేను, మా డఫేదారు మామ. డఫేదారంటే ఆఫీసు జవాన్లకి పెద్ద. ఆయనది ఘట్‌కేసర్ దగ్గర పల్లె, ఉన్న మాట మొహం మీదే అనేస్తాడు. సైకిళ్ళు రైలు బ్రేకు వ్యానులో వేసి, పొద్దున్నే అనకాపల్లిలో దిగి, చోడవరం మీదుగా తొక్కుకుంటూ వెళ్ళాం. ఆ మైదానంలో దారి నిజంగానే బాగుంది. ఎక్కడో బెల్లం వండుతున్న వాసన, ఎదురుగా నీలంగా కొండలు. పెద్దసారు హుషారుగా ఈల వేస్తూ తొక్కారు. మాడుగులలో హల్వా తింటూ నా భుజం తట్టి, "నీ ప్రొబేషన్ కాగితం సంచిలో పెట్టుకుని తెచ్చానయ్యా. పాడేరు చేరగానే సంతకం చేసి అక్కడే నీ చేతికిస్తాను" అన్నారు. ఆ క్షణంలో నా అంత అదృష్టవంతుడు జిల్లాలో లేడనుకున్నాను.

కొండ మొదలైంది. మొదటి మలుపు దగ్గర సైకిళ్ళు బరువెక్కాయి. రెండో మలుపు దగ్గర అందరం దిగాం. గేర్లు లేని సైకిళ్ళవి, పాలవాళ్ళు వాడే బాపతు. పెద్దసారు రొప్పుతూ "దిగుడు ఎక్కణ్ణించయ్యా" అన్నారు. "ఈ మలుపు తిరిగాక సార్" అన్నాను. తిరిగాం. రోడ్డు ఇంకా పైకే పోతోంది. "ఆ మలుపు తిరిగాక సార్" అన్నాను. అలా ఎన్ని మలుపులు చెప్పానో నాకే తెలియదు. ప్రతి మలుపులోనూ ఆయన సంచిలోని నా కాగితం నాకు ఇంకాస్త దూరమవుతూ ఉంది. కాళ్ళ నొప్పి కూడా నాకు తెలియలేదు. మా నాన్న అబద్ధం చెప్పడు. మరి ఈ కొండ ఎందుకిలా చేస్తోంది?

చివరికి పెద్దసారు ఒక కల్వర్టు మీద కూలబడి సంచిలోంచి ఫైలు తీశారు. కళ్ళజోడు పెట్టుకుని చదివి, రోడ్డు వైపు చూసి, మళ్ళీ చదివారు. "ఫైలు ప్రకారం మనం దిగుతున్నామయ్యా" అన్నారు. వెటకారం కాదు, ఆయన ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో ఫైలు ఎప్పుడూ తప్పు చెప్పలేదు. అకౌంటెంటు కూడా "ఒక్కోసారి కంటికి ఎక్కుడులా కనిపిస్తుంది సార్, అది కంటి దోషం" అన్నాడు (తన సంతకం కూడా అందులో ఉంది మరి). డఫేదారు మామ ఓపిక పట్టలేక సీసా మూత తీసి రోడ్డు మీద నీళ్ళు పోశాడు. అవి గబగబా వెనక్కి వచ్చి పెద్దసారు బూట్లు తడిపాయి. "గిది దిగుడంటరా సార్? జెర సూడుండ్రి. నీళ్ళకు సుత తెలిసింది, మనకే తెలుస్తలేదు" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఏందయ్యా గిది. పెద్దమనిషిని గింత పరేషాన్ జేస్తివి" అన్నాడు. ఆయన గొంతులో కోపం కన్నా జాలి ఎక్కువగా ఉంది. అదే నేను తట్టుకోలేకపోయాను.

అప్పుడే చీపురు కట్టల మోపు నెత్తిన పెట్టుకుని ఒక ముసలామె కిందికి దిగుతూ మా దగ్గర ఆగింది. "సైకిళ్ళు తోసుకుంటా పైకెల్తన్నారేటి బాబూ" అంది. పాడేరుకని చెప్పాం. "పైకి లారీల మీద ఎల్తారు బాబూ, సైకిలు కూడా దాని మీదే ఏసుకుని. దిగినప్పుడు గదా సైకిలెక్కుతారు. సంతకొచ్చే గుమస్తాలందరూ ఎప్పుడూ అంతే" అని, మమ్మల్ని చూసి నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. మా నాన్న చెప్పిన ప్రతి మాటా నిజమే. ఆయన రోడ్డు గురించి చెప్పాడు. ఎటువైపు అని నేను అడగలేదు.

పెద్దసారు ఫైలు మూశారు. "సరిచూశావా" అన్నారు. మెల్లిగానే అన్నారు.

"లేదు సార్. నేనీ కొండలు చూడడం ఇదే మొదటిసారి. మాడుగుల కూడా ఇవాళే చూశాను. మా నాన్న చెప్పింది రాశాను" అన్నాను. అని, ఇరవై నాలుగేళ్ళ వాణ్ణి, నడిరోడ్డు మీద సైకిలు హ్యాండిలు పట్టుకుని ఏడ్చాను. నాలుగో ఉద్యోగం కూడా పోయిందని, మా అమ్మకి ఎలా చెప్పాలని, పైకే చెప్పుకుంటూ ఏడ్చాను.

ఆయన ఫైలు మళ్ళీ తెరిచారు. తన ఆకుపచ్చ సంతకం మీద వేలు పెట్టి, "నువ్వు సరిచూశానని రాశావు. నేను చూశానని రాశాను. సికింద్రాబాదులో కుర్చీల్లో కూర్చుని ఇద్దరం కొండని చూసేశాం. నిన్నొక్కణ్ణీ ఇంటికి పంపితే అన్యాయమవుతుంది" అన్నారు. నేను తలెత్తాను. "అలాగని ఇవాళ సంతకం చెయ్యలేనయ్యా. ఇంకో ఆరు నెలలు. ఈ ఆరు నెలల్లో చూడని దేన్నీ చూశానని రాయకు" అని కాగితం మడిచి లోపల పెట్టేసుకున్నారు. ఆరు నెలలు. ఉరి తప్పింది గానీ తాడు మెడలోనే ఉంది.

ఎండుచేపల బస్తాలతో ఒక లారీ వస్తే డఫేదారు మామ అడ్డం నిలబడి ఆపాడు. సైకిళ్ళు పైకి విసిరి, మేమూ బస్తాల మీదికి ఎక్కాం. పావుగంటలో నలుగురం ఆ వాసనలోనే ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాం. కళ్ళు తెరిచేసరికి పాడేరు. మిగతా ఎక్కుడు ఎలా ఉంటుందో నాకు ఈ రోజుకీ తెలియదు.

మర్నాడు దిగాం. మంచు ఇంకా విడలేదు. చెట్ల నీడన కాఫీ మొక్కలు, మలుపు మలుపుకీ కింద లోయలో పచ్చటి మళ్ళు. పెడలు తొక్కితే ఒట్టు. సగం దారిలో బ్రేకులు అరిగిపోయి అకౌంటెంటు చెప్పులు నేలకి రాసుకుంటూ వచ్చాడు. పెద్దసారు అందరికన్నా ముందు, చిన్నపిల్లాడిలా కాళ్ళు రెండూ చాపి, నవ్వుతూ జారిపోతున్నారు. ఆయన వెనకాల నేను. అంత అందం కళ్ళ ముందు పోతుంటే నాకు ఆరు నెలలే కనిపించాయి. ఆ దిగుడు నేను సరిగ్గా చూడలేదు. ఇప్పటికీ నాకు అదే బాధ.

ఇంటికొచ్చాక నాన్న మీద విరుచుకుపడదామనుకున్నాను. ఆయన అప్పటికే మంచం మీద లేచి కూర్చుని "ఎలాగుందిరా మన రోడ్డు" అని ఆత్రంగా అడిగాడు. ఆయన దాన్ని చూసి పాతికేళ్ళయింది. "ఎక్కుడు ఉందని ఎందుకు చెప్పలేదు నాన్నా" అని మాత్రం అనగలిగాను. ఆయన కాసేపు నిజంగానే ఆలోచించాడు. "ఎక్కినప్పుడు బస్తాల మీద తొంగునేవోణ్ణిరా. లెగిసేసరికి పైనుండేవోణ్ణి" అన్నాడు.

ఆరు నెలలకి, తాను రిటైరయ్యే ముందు రోజు పెద్దసారు నా కాగితం మీద సంతకం చేశారు. ఆయన సన్మానపత్రం నేనే రాశాను. ఈసారి పాత ఫైలు తియ్యలేదు.

మొన్న అల్లుడికి ఇదంతా చెప్పలేదు. నోరు తెరిస్తే మా నాన్న మాటే వచ్చింది. "కూర్చుంటే చాలు బాబూ, అదే వెళ్ళిపోతుంది" అన్నాను. అతను సంతోషంగా ఫోనులో రాసుకుని వెళ్ళిపోయాడు. వీధి మలుపు తిరిగి ఉంటాడో లేదో, నాకు ఆ కల్వర్టు గుర్తొచ్చింది. వెంటనే ఫోను చేసి, "బాబూ, అది దిగేటప్పటి మాట. ఎక్కడం మహా కష్టం. పైకి లారీలో వెళ్ళండి" అన్నాను. అతను నవ్వి, "ఎక్కడానికే కదా మామయ్యగారూ మేము వెళ్తున్నది" అన్నాడు.

ఫోను పెట్టేశాను. ఈ మాట నాన్నకి చెప్పాలనిపించింది. బతికుంటే నమ్మేవాడు కాదు. "సరిచూసావేట్రా" అనేవాడు.