గుర్రపు కొట్టానికి తలుపు

మాదాపూర్‌లోని మా ఆఫీసు సెల్లారులో నా స్కూటర్‌కు ఇంతవరకూ మర్యాదైన చోటు దొరకలేదు. మేనేజర్ల కార్లకు అంకెలు వేసిన గళ్ళున్నాయి. నా స్కూటర్ జనరేటర్ పక్కన, దాని పొగ పీలుస్తూ బతుకుతోంది.

ఈ బాధ వినేది సెల్లారు చూసుకునే వాచ్‌మన్ అన్న ఒక్కడే. ఓ రోజు ఆయనే తన బాధ చెప్పాడు. ఆయనకో తెల్ల గుర్రం ఉంది, పెళ్ళి ఊరేగింపులకు తిప్పుతాడు. దాన్ని కట్టేసే కోకాపేట ఖాళీ జాగాలో టవర్ కోసం తవ్వకం మొదలైంది. ఆదివారంలోగా వేరే చోటు దొరక్కపోతే గుర్రాన్ని అమ్ముకోవాలి. బాచుపల్లిలో బామ్మర్ది ఇంటి పక్కన కాస్త జాగా ఉంది. సందుకు అడ్డం రాకుండా కొట్టం పడుతుందని కాగితం మీద చూపిస్తేనే సరేనంటాడట.

"మీరు గుర్రాల కొట్టాలే గీస్తరంట గద సార్. జర నాకొకటి గీసియ్యున్రి."

నిజమే. ఇంగ్లండులో ఓ జమీందారుగారి ఎస్టేటు ఉంది. అక్కడి పాతకాలపు గుర్రపుశాలనూ, బగ్గీల షెడ్డునూ కార్ల గ్యారేజీ చేస్తున్నారు. మార్చేముందు, అక్కడివాళ్ళు పంపిన కొలతలు చూసి ఇక్కడి కంప్యూటర్లో ఉన్నదున్నట్టు గీసిపెట్టడం నా పని. నేను గుర్రాన్ని దగ్గరగా చూసింది మా అన్నయ్య పెళ్ళిలో, అదీ వెనకనుంచి. ఆ శాలలో తలుపులన్నీ బయటికి తెరుచుకుంటున్నాయి. మన ఇళ్ళల్లో లోపలికే కదా, కొలతలు తీసినవాళ్ళు పొరబడి ఉంటారని దయతలచి అన్నిటినీ లోపలికి తిప్పేశాను.

అన్న కొట్టానికీ అలాంటి తలుపే పెట్టాను. ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మంచిగుంది సార్. గుర్రం తలుపుకు ఆనుకోని పండుకుంటే, నేను యాడికెళ్లి లోపటికి పోవాలె?"

పైకి వెళ్ళి, ఇంగ్లండు తలుపులన్నీ మళ్ళీ బయటికి తిప్పాను. సాయంత్రం దాకా పట్టింది.

కిందికి దిగి, "బయటికి తెరిస్తే సందు మూసుకుపోతుందన్నా. ఎలా మరి?" అన్నాను.

ఆయన నా పెన్ను తీసుకుని తలుపు కొట్టేశాడు. అక్కడ అడ్డంగా ఒక గీత గీశాడు. "గింతే. ఒక కర్ర అడ్డం పెడ్త." ఫొటో తీసి బామ్మర్దికి పంపాడు. కాసేపటికి ఫోన్ మోగింది: "తీస్కరా బావా."

నాకు మాత్రం మనసొప్పలేదు. "తలుపు లేకపోతే పారిపోదా అన్నా?"

"దాణా పెట్టే జాగ ఇడిచి యాడికి పోతది సార్? మీ ఆఫీసు తలుపు పొద్దంత తీసే ఉంటది గద, మీరు పోతున్నరా?"